పట్టాలు లేని స్టేషన్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మూతబడ్డ రైల్వే స్టేషన్ల మీద ఉత్తరాలు పంపమని పోయిన సంచికలో కోరాం. ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు అటు గుణుపురం నుంచి ఇటు టెక్కలి దాకా చాలామంది రాశారు. ఒకే సంగతి అడిగినవాళ్లకు కలిపి జవాబిస్తున్నాం.

మా మేనల్లుడు ఐర్లండులో లిమరిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పక్కనున్న క్లేర్ జిల్లాలో ఊరి చివర ఒక రాతి ఇల్లు, దాని ముందు పొడుగాటి ఎత్తు అరుగు ఫొటో తీసి పంపాడు. పాత రైల్వే స్టేషనట. చుట్టుపక్కల పట్టా ముక్క కూడా లేదు. అంత చిన్న పల్లెలకు స్టేషన్లు ఎందుకు కట్టారు? కట్టినవి ఎందుకు తీసేశారు? (ఒక పాఠకురాలు, బరంపురం)

ఆ అరుగు ప్లాట్‌ఫారమే. క్లేర్ జిల్లాలో ఎన్నిస్‌కు పడమటి వైపు అలాంటిది కనిపిస్తే అది చాలావరకు వెస్ట్ క్లేర్ రైల్వేది అయ్యుంటుంది. ఆ లైనుకు 1885 జనవరి 26న ఐర్లండు నాయకుడు పార్నెల్ తొలి పార మట్టి తీశాడు. 1887 జులై 2న ఎన్నిస్ నుంచి మిల్‌టౌన్ మాల్‌బే దాకా రైలు నడిచింది. 1892లో కిల్‌రష్, కిల్‌కీ ఊళ్లకు పొడిగించారు. మొత్తం 53 మైళ్లు, అంటే 85 కిలోమీటర్లు.

ఎందుకు కట్టారన్నదానికి జవాబు డబ్బులో ఉంది. గేజు అంటే రెండు పట్టాల మధ్య దూరం. ఐర్లండు పెద్ద లైను గేజు 1600 మిల్లీమీటర్లు, అంటే 5 అడుగుల 3 అంగుళాలు. ఆ కొలతతో కొండలు, బురద నేలల మీద లైను వేస్తే పెట్టుబడి తిరిగిరాదు. కాబట్టి 3 అడుగుల గేజు, 914 మిల్లీమీటర్లు, ఎంచుకున్నారు. వంపులు ఎక్కువ తిప్పొచ్చు, వంతెనలు చిన్నవి సరిపోతాయి, పట్టా తేలిక. అయినా వాటాలు కొనేవాడు దొరకాలి కదా. 1883లో వచ్చిన చట్టం ఆ చిక్కు తీర్చింది. వాటాదారుకు ఇంత లాభం వస్తుందని ఆ ప్రాంతపు పన్ను కట్టేవాళ్ల చేత హామీ ఇప్పించింది. రైలు సంపాదన చాలకపోతే తేడా రైతు పన్నులోంచి పోవాలి. ప్రభుత్వ ఖజానా అందులో 2 శాతం వరకు భరిస్తుంది. ఈ ఏర్పాటులో లైను నష్టపోయినా వాటాదారుకు నిద్ర పడుతుంది, పక్క ఊరి రైతుకే పట్టదు. లైను ఎంత చుట్టు తిరిగిందో పటం మీద చూస్తే తెలుస్తుంది. ఎన్నిస్ నుంచి కిల్‌కీకి రోడ్డు మీద 35 మైళ్లయితే, రైలు ఎన్నిస్టైమన్, లహించ్ ఊళ్ల మీదుగా తీరం చుట్టి 48 మైళ్లు తిరిగేది.

ఆ చుట్టు తిరగడమే తర్వాత మెడకు చుట్టుకుంది. లారీ, బస్సు రాగానే 13 మైళ్ల తేడా పెద్దదైపోయింది. రెండో దెబ్బ ఎన్నిస్‌లో గేజు మారడం. పశువులు, పీటు అనే వంటచెరకు మట్టి, కిరాణా, ఏదైనా సరే చిన్న వ్యాగను నుంచి దింపి పెద్ద వ్యాగనులోకి ఎక్కించాల్సిందే. కూలి రెండుసార్లు, ఆలస్యం రెండుసార్లు, విరిగే సామానూ ఎక్కువ. ఆవిరి ఇంజన్లు పాతబడ్డాయి గనక మూశారని కొందరంటారు. అది నిజం కాదు. ఈ లైనుకు 1952లో డీజిల్ రైలు పెట్టెలు, 1955లో డీజిల్ ఇంజన్లు వచ్చాయి. 1961 జనవరి 31న మూసేనాటికి అక్కడున్నది కొత్త సామానే.

1945లో ఏర్పడ్డ సి.ఐ.ఇ. అనే రవాణా సంస్థకు 1958 చట్టం లైన్లు మూసే అధికారం ఇచ్చింది. నష్టం తీరే దారి లేదని సంస్థ తేలిస్తే చాలు. ఆ ఏడాది చివర, డిసెంబరు 31న, డబ్లిన్‌లోని హార్కోర్ట్ స్ట్రీట్ లైనుతో మొదలుపెట్టారు. 1961 మార్చి 31న వెస్ట్ కార్క్ లైన్లు పోయాయి. స్టేషన్ ఇళ్లు చాలావరకు ఇళ్లుగానే అమ్ముడుపోయాయి. మీ మేనల్లుడు చూసింది అలాంటిదే కావచ్చు.

ఆ లైనులో మాకు నచ్చే ఒక చిన్న సంగతి: క్విల్టీ స్టేషను దగ్గర గాలివేగం కొలిచే పరికరం పెట్టారు. సముద్రం అంచున తేలికపాటి పెట్టెలు గాలికి పట్టాల మీంచి పడిపోయేవి. గంటకు 60 మైళ్లు దాటితే పెట్టెల్లో బరువు దిమ్మలు వేయాలి, 80 దాటితే రైలు ఆపేయాలి. దిమ్మలు స్టేషన్లలోనే నిల్వ ఉంచేవారు. మీ మేనల్లుడు మళ్లీ వెళ్తే కిల్‌రష్, కిల్‌కీ దారులు చీలే మొయాస్టా చూసి రమ్మనండి. అక్కడ కొంత లైను తిరిగి వేశారు. ‘స్లీవ్ కలన్’ అనే 1892 నాటి ఇంజనును బాగుచేసి ఉంచారు.

మా చిన్న రైలు కథ కూడా ఇదేనా? (గుణుపురం, పర్లాకిమిడి నుంచి నలుగురు)

సగం ఇదే, సగం కాదు.

కటక్ నుంచి దక్షిణానికి వచ్చిన తూర్పు కోస్తా లైను 1890లలో పూర్తయింది. అది పర్లాకిమిడిని తాకకుండా నౌపడ మీదుగా పోయింది. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి తన ఊరికి సొంతంగా లైను వేయించారు. ఖర్చు 7 లక్షల రూపాయలు, గేజు 2 అడుగుల 6 అంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు. నౌపడ నుంచి పర్లాకిమిడికి సుమారు 40 కిలోమీటర్లు. 1900 ఏప్రిల్ 1న తెరిచారు. మొదటి పదేళ్లు నష్టమే. 1910 తర్వాత కొద్దిగా మిగులు కనిపించింది, 1924-25 తర్వాత లాభం పెరిగింది. ఆ ధైర్యంతోనే 1929లో, 1931లో రెండు విడతలుగా గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం 90 కిలోమీటర్లు.

క్లేర్‌లో నష్టం పన్నుదారుల నెత్తిన పడింది, ఇక్కడ సంస్థానం భరించింది. నష్టాన్ని పదేళ్లు ఓర్చుకునే యజమాని ఉన్న లైనుకు నిలదొక్కుకునే సమయం దొరికింది. గేజు మారే చోట బాధ మాత్రం రెండు చోట్లా ఒకటే. పర్లాకిమిడి బియ్యం బస్తా కలకత్తా పోవాలన్నా, నౌపడ ఉప్పు గుణుపురం చేరాలన్నా నౌపడలో దింపి ఎక్కించాల్సిందే. 762 మిల్లీమీటర్ల చిన్న గేజుకూ 1676 మిల్లీమీటర్ల పెద్ద గేజుకూ మధ్య మరో మార్గం లేదు.

అసలు తేడా చివర్లో వచ్చింది. అక్కడ లైనే పోయింది. ఇక్కడ 2004 జూన్‌లో చిన్న రైలు ఆపి గేజు మార్చారు. పెద్ద రైలు 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపురానికి వచ్చింది. కాబట్టి ‘మా స్టేషను మూతబడింది’ అని రాసేవాళ్లు ఒకటి తేల్చుకోవాలి: మూతబడింది స్టేషనా, పాత భవనమా, లేక ఆ ఊరి హాల్టా? ఈ మూడింటికీ మూడు రకాల కాగితాలుంటాయి. మధ్యలో ఆరేడేళ్లు ఏ రైలూ లేదు. ఆ కాలంలో సరుకంతా లారీల పాలైంది, మళ్లీ వెనక్కి రావడం కష్టం. ఈ ఖాళీ గురించి రాసేవాళ్లు తక్కువ, మా లెక్కన అసలు రాయాల్సింది అదే.

మా ఊరి పాత స్టేషను చరిత్ర రాసి పుస్తకంగా వేయాలని ఉంది. రాజావారి గురించి అందరూ చెబుతారు, కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? (విశ్రాంత ఉపాధ్యాయులు, పాతపట్నం)

భవనంతో మొదలుపెట్టకండి మాస్టారూ, సరుకుతో మొదలుపెట్టండి. ఏ సరుకు, ఎవరి మిల్లు నుంచి, ఏ నెలలో, ఎటు పోయేది అన్నది తేలితే స్టేషను ఎందుకు పుట్టిందో, సైడింగు, అంటే వ్యాగన్లు నిలిపే పక్క లైను, ఎందుకు అంత పొడవుందో వాటంతటవే తెలుస్తాయి.

కాగితాల కోసం ముందుగా ఊరు ఏ కాలంలో ఏ పరిపాలనలో ఉందో ఒక చీటీ మీద రాసుకోండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోదే. కాబట్టి అంతకుముందు ఫైళ్లు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. పర్లాకిమిడి, గుణుపురం వైపు ఆ తర్వాతివి భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్‌లో. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి వదిలి రాజమండ్రికి వెళ్లిపోయింది ఆ 1936లోనే. మనుషులు ఆ కొత్త సరిహద్దు గీతకు అటూ ఇటూ అయినట్టే ఫైళ్లూ అయ్యాయి. రైల్వే బోర్డు కాగితాలు ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ‘అభిలేఖ్ పటల్’ అనే వెబ్‌సైటులో ఇంటి నుంచే జాబితా చూడొచ్చు. ఒకే ఊరిని పర్లాకిమెడి, పర్లాకిమిడి, పరలఖెముండి అని రకరకాల స్పెల్లింగులతో రాశారు గనక అన్నిటితోనూ వెతకండి. ఒక్క స్పెల్లింగుతో వెతికి ‘ఏమీ లేదు’ అనుకోవడం ఎక్కువగా జరిగే పొరపాటు.

ఇటీవలి కాగితాలకు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. రైల్వే కేంద్రానిది గనక రుసుము 10 రూపాయలు, పోస్టల్ ఆర్డరుగా పంపొచ్చు, ఆన్‌లైన్‌లోనూ కట్టొచ్చు. 500 మాటలు మించకూడదు. 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రతి పేజీకి 2 రూపాయలు. ఫైలు చూడ్డానికి మొదటి గంట ఉచితం, ఆపైన గంటకు 5 రూపాయలు.

దరఖాస్తు పాడయ్యేది ఎక్కువగా అడిగే తీరులో. ‘మా స్టేషను చరిత్ర ఇవ్వండి’ అంటే ‘అలాంటి సమాచారం లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అది నిజం కూడా. కాగితం పేరు పెట్టి అడగాలి: గేజు మార్పుకు ముందటి స్టేషన్ యార్డు నక్ష, భూమి నక్ష, వర్కింగ్ టైమ్‌టేబులు, వంతెనల రిజిస్టరు, సర్వీసు ఆపిన నోటిఫికేషను. ఒక్కొక్కదానికి స్టేషను పేరు, ఏడాది రాయండి. తప్పు ఆఫీసుకు పంపినా 6(3) సెక్షను ప్రకారం 5 రోజుల్లో సరైన చోటికి వాళ్లే పంపాలి. 20 ఏళ్లు దాటిన సంగతులకు 8(3) సెక్షను పేర్కొనండి. రహస్యమని తిరస్కరించే కారణాల్లో చాలావాటికి అక్కడితో తలుపు మూసుకుంటుంది.

పటాల కోసం సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లు అడగండి. పర్లాకిమిడి 74 బి/1 నంబరు షీటులో, నౌపడ 74 బి/6లో, గుణుపురం 65 ఎం/16లో పడతాయి. గుణుపురం ఊరు అంచున ఉంది గనక పక్క షీట్లు కూడా దగ్గర పెట్టుకోండి.

బరంపురం పాఠకురాలి మేనల్లుడికి ఈ పని మనకంటే చాలా తేలిక. ఐర్లండులో 1901, 1911 జనాభా లెక్కల ఇంటింటి కాగితాలు ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఊరు పేరు కొట్టి, వృత్తి కాలమ్‌లో స్టేషన్ మాస్టరు, పోర్టరు, మైల్స్‌మన్ అని వెతికితే ఆ ఇంట్లో ఎవరుండేవారో, పిల్లలెందరో కూడా దొరుకుతుంది. మైల్స్‌మన్ అంటే పట్టాలు బాగుచేసే మన గ్యాంగ్‌మన్. మన జనాభా లెక్కల ఇంటి వివరాలు చట్టం ప్రకారం రహస్యం, అటు వెళ్లి లాభం లేదు. దానికి బదులు స్థానిక పాఠశాల అడ్మిషను రిజిస్టరు చూడండి. ‘తండ్రి వృత్తి: రైల్వే’ అన్న వరుసలు ఏ ఏడాది మొదలై ఏ ఏడాది ఆగాయో చూస్తే స్టేషను సిబ్బంది వచ్చిపోయిన కాలం పట్టుబడుతుంది. మాస్టారు కాబట్టి మీకు ఆ తలుపు సులువుగా తెరుచుకోవచ్చు.

పెట్టెలో కొన్ని పాత అట్ట టిక్కెట్లు, ఒక పాత రశీదు దొరికాయి. తేదీ చెరిగిపోయింది. ఏ కాలానివో చెప్పడం ఎలా? (టెక్కలి)

ముందు కొలవండి. 57 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు అటూ ఇటూగా ఉంటే అది ఎడ్మండ్‌సన్ కార్డు అనే అట్ట టిక్కెట్టు. ప్రపంచమంతా ఆ కొలతే వాడింది గనక దాంతో కాలం తేలదు. తేల్చేవి మూడు.

రైల్వే పేరు: పి.ఎల్.ఆర్. (పర్లాకిమిడి లైట్ రైల్వే) అనుంటే సంస్థానం లైను కాలం. ఈస్టర్న్ రైల్వే అయితే 1952 ఏప్రిల్ నుంచి 1955 జులై లోపు. సౌత్ ఈస్టర్న్ అయితే 1955 ఆగస్టు 1 తర్వాత. ఈస్ట్ కోస్ట్ అయితే 2003 ఏప్రిల్ తర్వాత, అంటే చిన్న రైలు ఆఖరి 14 నెలలు. ఈ చివరివి తక్కువగా దొరుకుతాయి, జాగ్రత్త చేయండి. అయితే పాత పేరున్న అట్టలు అయిపోయేదాకా అమ్మేవారు. అందుకని పేరు చెప్పేది ‘ఇంతకంటే ముందుది కాదు’ అన్నంతవరకే.

ఛార్జీ: అణాల్లో ఉంటే 1957కు ముందుది. నయా పైసలైతే 1957 ఏప్రిల్ నుంచి 1964 మధ్య. ఒట్టి పైసలైతే ఆ తర్వాత. తరగతి: మూడో తరగతి 1974లో పోయింది. ఈ మూడూ కలిపి చూస్తే చాలా టిక్కెట్లు అయిదారేళ్ల తేడాలోకి వచ్చేస్తాయి.

ప్లాస్టిక్ లామినేషను చేయించకండి. వేడికి అట్ట ఉబ్బుతుంది, పంచింగు గుర్తు చదునైపోతుంది, తీయడానికీ కుదరదు. మామూలు కాగితపు కవరులో పెట్టి, వెనకవైపు కూడా స్కాను చేసి ఉంచండి. వరస నంబరు తప్పక రాసుకోండి. ఒకే స్టేషనువి రెండు టిక్కెట్లు దొరికితే మధ్య ఎన్ని అమ్ముడుపోయాయో ఆ నంబరే అంచనా చెబుతుంది.

పొలాల మధ్య ఒక సన్నని గట్టు ఉంది. పాత రైలు కట్ట అంటారు, కొందరు చెరువు కట్ట అంటారు. తేల్చేదెలా? (కాశీనగర్)

పై వెడల్పు కొలవండి. చిన్న గేజు ఒంటి లైనుకు గట్టు సాధారణంగా 3.7 మీటర్లు, పెద్ద గేజుకు 6 మీటర్లు దాటుతుంది. కోత పడి సన్నబడి ఉంటుంది గనక పది చోట్ల కొలిచి పెద్ద అంకె తీసుకోండి. చెరువు కట్టకు ఒక వైపే నీరు నిలుస్తుంది, ఆ వైపు వాలు వేరుగా ఉంటుంది. రైలు కట్టకు రెండు వైపులా మట్టి తవ్విన గుంటలు వరసగా కనిపిస్తాయి. తూము ఉంటే ఇంకా మంచిది. రైల్వే తూముకు గోడ మీద నంబరు చెక్కి లేదా రాసి ఉంటుంది.

గేజు మార్చేటప్పుడు వంపులు సరిచేయడానికి లైనును పక్కకు జరిపిన చోట పాత గట్టు అలాగే మిగులుతుంది. కాబట్టి ఇప్పటి లైనుకు కొద్ది దూరంలో సమాంతరంగా పోయి మళ్లీ కలిసే గట్టు అయితే అనుమానం అక్కర్లేదు. దగ్గర్లో చెక్క దిమ్మ దొరికితే కొలవండి: చిన్న గేజుది 150 సెంటీమీటర్లు, పెద్దది 275.

కంచె స్తంభాలుగా, పశువుల పాక దూలాలుగా పాతేసిన పట్టాలనూ చూడండి. పట్టా నడుము మీద, అంటే తల, అడుగు మధ్య పలుచటి భాగం మీద, ఉబ్బెత్తు అక్షరాలుంటాయి. తుప్పు దులిపి సుద్దముక్కను అడ్డంగా పెట్టి రుద్దితే తేలతాయి. లేదా ఉదయం ఏటవాలు ఎండలో ఫొటో తీయండి, మధ్యాహ్నం ఏమీ కనపడదు. తయారుచేసినవారి పేరు, గజానికి పౌన్ల బరువు, ఏడాది ఉంటాయి. 30 పౌన్ల పట్టా మీటరుకు సుమారు 15 కిలోలు. ఆ ఏడాదినే లైను వేసిన ఏడాదిగా రాసేస్తున్నారు, తప్పు. పెద్ద లైన్లలో అరిగిన పట్టాను చిన్న లైన్లకు పంపేవారు.

ముసలి గ్యాంగ్‌మన్లను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో ఏడాది చెబుతున్నారు. ఎవరిది నమ్మాలి? (పర్లాకిమిడి)

ఏడాది అడగడమే మానేయండి. పని అడగండి. ‘పొద్దున కీమన్ (పట్టాల వెంట నడిచి తనిఖీ చేసే మనిషి) చేతిలో ఏమేమి ఉండేవి?’, ‘వానాకాలం కంకర కొట్టుకుపోతే ఎవరికి కబురు పెట్టేవారు?’, ‘నౌపడలో బస్తా మార్చడానికి కూలి ఎవరిచ్చేవారు?’ ఇలా అడిగితే జవాబులు గట్టిగా వస్తాయి. కాలం కోసం పెద్ద సంఘటనలకు ముడిపెట్టండి: 1980 వంశధార వరదకు ముందా, తర్వాతా? 1999 తుపాను నాటికి స్టేషను గది ఉందా? ఇద్దరిని కలిపి కూర్చోబెట్టొద్దు, రెండోవారు మొదటివారి మాటే అప్పజెబుతారు. విడివిడిగా రికార్డు చేసి, మూడోసారి కలపండి. అప్పుడు వాళ్లలో వాళ్లు వాదించుకునే చోట అసలు వివరం బయటపడుతుంది.

పాత పట్టా ముక్క ఒకటి జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకోవచ్చా? (గుణుపురం)

వద్దు. ఎంత తుప్పుపట్టినా రైల్వే ఆస్తే, రశీదు లేకుండా దగ్గరుంటే రైల్వే ఆస్తిని అక్రమంగా ఉంచుకోవడం మీద వచ్చిన 1966 చట్టం కింద కేసవుతుంది. కావాలంటే రైల్వే తుక్కు వేలంలో కొన్న వ్యాపారి దగ్గర బిల్లుతో కొనుక్కోండి. ఇప్పటి లైను పక్కన కొలతలు తీసేటప్పుడు స్టేషను మాస్టరుకు చెప్పి, కంచె బయటే ఉండండి. అనుమతి లేకుండా లోపలికి దిగితే రైల్వే చట్టం 147 సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి.